ఎసట్లో పోయకముందే

శిక్షణ తరగతికి పేర్లు నమోదు చేసుకునే ఒక ఆన్‌లైన్ ఫారం ఉందనుకుందాం. ఎవరైనా నింపగానే గూగుల్ షీట్‌లో వరుస చేరాలి, వాళ్లకు మెయిల్ వెళ్లాలి, నిర్వాహకులకు స్లాక్‌లో కబురు అందాలి. యాప్‌లను కలిపి ఇలాంటి పనులు వాటంతటవే జరిగేలా చేసే జాపియర్‌లో ఇది ఒక ట్రిగ్గర్ (పనికి నాంది పలికే ఘటన), మూడు యాక్షన్లు (ఆపై జరిగే పనులు). కూడిక గుర్తు నొక్కి స్టెప్పులు కలుపుకుంటూ పోవడం ఎవరికైనా వచ్చేస్తుంది. ఏ స్టెప్ ఎక్కడ ఉండాలన్న దగ్గరే నేర్పు బయటపడుతుంది.

2011లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో వేడ్ ఫోస్టర్, బ్రయాన్ హెల్మిగ్, మైక్ నూప్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ జాపియర్. మొదట్లో ఒక ట్రిగ్గర్‌కు ఒకే యాక్షన్. అనేక స్టెప్పులు కలిపే వీలు 2016లో వచ్చింది. అప్పటినుంచి వరుస క్రమం గురించి ఆలోచించక తప్పడం లేదు.

ఛార్జీ కోసం పూర్తయిన ప్రతి యాక్షన్‌నూ ఒక టాస్క్‌గా లెక్కిస్తారు. ట్రిగ్గర్‌కు, ఫిల్టర్‌కు (షరతుకు సరిపోనివాటిని అక్కడే ఆపే స్టెప్) లెక్క పడదు. నెలకు 200 మంది ఫారం నింపితే మూడు యాక్షన్లకు 600 టాస్కులు. అందులో తరగతికి అర్హులు 50 మందే అయితే, ట్రిగ్గర్ వెంటనే ఫిల్టర్ పెట్టినవారికి 150 చాలు. అదే ఫిల్టర్‌ను షీట్, మెయిల్ స్టెప్పుల తర్వాత పెడితే 450 అవుతాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది: అర్హత లేని 150 మందికి ‘మీ పేరు నమోదైంది’ అని మెయిల్ వెళ్లిపోయి ఉంటుంది. బియ్యంలో రాళ్లు ఎసట్లో పోశాక ఎవరూ ఏరరు.

ఒకే మనిషి రెండుసార్లు ఫారం నింపడం మామూలే. అందుకే కొత్త వరుస చేర్చే ముందు, ఆ మెయిల్ ఐడీ షీట్‌లో ఉందో లేదో వెతికే స్టెప్ కలపాలి.

తీసేయడంలోనూ అంతే జాగ్రత్త కావాలి. కింది స్టెప్పులు పైస్టెప్ ఇచ్చిన వివరాల మీద ఆధారపడతాయి. పైది తొలగిస్తే కింద ఆ వివరాలు నింపిన చోట్లన్నీ తెగిపోతాయి. ఒక్కొక్కటే మళ్లీ కలుపుకోవాలి.

కొత్తగా వాడేవారు తరచూ పొరబడేది టెస్ట్ బటన్ దగ్గర. అది ఉత్తుత్తి పరీక్ష కాదు. మెయిల్ స్టెప్‌ను టెస్ట్ చేస్తే నిజంగానే మెయిల్ వెళ్తుంది, షీట్ స్టెప్‌ను టెస్ట్ చేస్తే నిజంగానే వరుస చేరుతుంది. కాబట్టి ఫారాన్ని ముందు మీ పేరుతో, మీ మెయిల్ ఐడీతో నింపి, ఆ వివరాలతోనే టెస్ట్ చేయండి. మీకు మెయిల్ అందాక, షీట్‌లో వరుస కళ్లారా చూశాకే పబ్లిష్ నొక్కండి.