నీళ్ళూ, వేళ్ళూ, ఉంగరాల జుట్టూ

ఉంగరాల జుట్టున్న కుర్రాడు సెలూన్ కుర్చీలో కూర్చోగానే స్ప్రే బాటిల్ బయటికొస్తుంది. తల తడిసి ముద్దవుతుంది. సన్నపళ్ళ దువ్వెన దిగుతుంది. తడికి సాగిన వెంట్రుకలు బుద్ధిగా నిటారుగా వేలాడతాయి, కత్తెర వాటిని ఒకే వరసలో కోసేస్తుంది. అద్దంలో అంతా బాగానే ఉంటుంది. ఇంటికెళ్ళి ఆరాక చూస్తే చెవుల దగ్గర గుత్తులు, నడినెత్తిన గొడుగు. ఆరిన ఉంగరం స్ప్రింగులా పైకి ముడుచుకుంటుంది, దీన్నే 'ష్రింకేజ్' అంటారు. కుర్రాడు మాత్రం క్రాపు చెడిందనుకోడు, తన జుట్టే చెడ్డదనుకుంటాడు. వచ్చేసారి 'పూర్తిగా చిన్నది చేసెయ్' అంటాడు. ఎంతమంది మగవాళ్ళు తమ జుట్టు అసలు రూపం ఒక్కసారి కూడా చూసుకోకుండానే బట్టతల వయసుకు చేరిపోయారో!

తెలుగులో ఈ జుట్టుకు పేర్ల కరువు లేదు. మెల్లగా అలలు తిరిగితే నొక్కులు, చుట్టలు చుడితే ఉంగరాలు, మెడ దాకా పెంచితే గిరజాలు, నుదుటి మీద పడితే ముంగురులు. ఇప్పుడు అందరి నోటా వినిపించే 2ఏ, 3బీ అంకెలు మాత్రం అమెరికా నుంచి వచ్చాయి. టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీకి కేశాలంకరణ చేసిన ఆండ్రీ వాకర్ 1997లో తన పుస్తకంలో జుట్టును నాలుగు జాతులుగా విడదీశాడు. ఒకటి తిన్ననిది, రెండు నొక్కులది, మూడు ఉంగరాలది, నాలుగు బిగుతైన చుట్టలది. ఏ, బీ, సీ అక్షరాలు చుట్ట ఎంత ఇరుకో చెబుతాయి. 3సీ అంటే సుమారుగా పెన్సిల్‌కు చుట్టినంత. ఒకే తలలో ముందు 2సీ, వెనక 3ఏ ఉండటం మామూలే, కాబట్టి అంకె దొరకలేదని దిగులు పడక్కర్లేదు. అంకె కన్నా 'పోరాసిటీ' ముఖ్యం, అంటే వెంట్రుక నీటిని ఎంత తేలిగ్గా పీల్చుకుంటుంది, ఎంత త్వరగా వదిలేస్తుంది అన్నది. తలస్నానంలో నీళ్ళు జారిపోతూ తడవడానికే మొరాయించి, తర్వాత గంటల తరబడి ఆరకపోతే తక్కువ పోరాసిటీ. ఇట్టే తడిసి ఇట్టే ఆరిపోతే ఎక్కువ.

కుదురు వంకరగా ఉంటే వెంట్రుక వంకరగా మొలుస్తుంది. అడ్డంగా కోసి చూస్తే గుండ్రంగా కాక కోడిగుడ్డులా నొక్కినట్టుంటుంది. మాడు మీద ఊరే నూనె ఆ మెలికలన్నీ దాటుకుని చివరి దాకా దిగలేదు. అందుకే ఈ జుట్టు మొదట్లో జిడ్డు, కొసల్లో పీచు. ఇంకో తమాషా ఉంది. వెంట్రుకలోని కెరటిన్‌ను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడికి విడిపోయి, ఆరేటప్పుడు మళ్ళీ కూడతాయి. ఆరుతున్నప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే నిలుస్తుంది. గాలిలో తేమకు వెంట్రుక ఎంతగా స్పందిస్తుందంటే, 1783లో సొస్యూర్ అనే స్విస్ శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతోనే తేమను కొలిచే పరికరం చేశాడు. హైదరాబాద్‌లో కుదురుగా ఉన్న ఉంగరాలు విశాఖ బీచ్ రోడ్డులో దూదిపింజలవుతాయంటే ఆశ్చర్యం దేనికి?

ఈ విద్యకు గురువులెవరంటే న్యూయార్క్ వైపు చూడాలి. ఊయిదాద్ అనే ఆవిడ 1984లో అక్కడ కేవలం ఉంగరాల జుట్టు కోసమే సెలూన్ తెరిచింది. 1994లో డేవాచాన్ సెలూన్ పెట్టినవాళ్ళలో ఒకరైన లొరేన్ మాసీ ఇంగ్లండ్ నుంచి వచ్చిన మనిషి. ఊయిదాద్ శిష్యులు తడిజుట్టునే ప్రత్యేక పద్ధతిలో లోపల లోపల చెక్కుతారు, మాసీ వర్గం పొడిజుట్టును ఉంగరం తర్వాత ఉంగరంగా కోస్తుంది. రెండు పక్షాలకూ అభిమానులున్నారు. పనితనం అంటే మాత్రం మాసీదే. పొడిజుట్టు కోయడమంటే శిల్పం చెక్కడమే, ఎక్కడ ఎంత పడుతుందో అప్పుడే కంటికి కనిపిస్తుంది, ఆరాక మోసపోయేదేమీ ఉండదు. ఒక్కో ఉంగరాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, అది ఎటు తిరుగుతుందో చూసి, ఆ తిరుగుడు పాడవకుండా కొసను తీసెయ్యడానికి ఎంత ఓపిక కావాలి! ఆ తల మళ్ళీ కత్తెర కిందికి వచ్చేదాకా చూసుకోనక్కర్లేదు. మాసీ రాసిన 'కర్లీ గర్ల్' పుస్తకం పేరులో గర్ల్ అని ఉన్నంత మాత్రాన మగవాళ్ళు మొహం తిప్పుకోవడం శుద్ధ తెలివితక్కువ. వెంట్రుకకు ఆడా మగా తేడా ఏముంది?

ఆ పుస్తకం చెప్పేది స్థూలంగా ఇంతే: సల్ఫేట్ షాంపూలు మానాలి, నీటికి కరగని సిలికోన్లు మానాలి, పొడిజుట్టు దువ్వకూడదు, వేడిగాలి కొట్టకూడదు. నురగ తక్కువ వచ్చే మెత్తని షాంపూ 'లో-పూ', షాంపూ లేకుండా కండిషనర్‌తోనే కడగడం 'కో-వాష్'. చెమట పట్టే మన ఎండల్లో మగవాళ్ళకు వారానికి రెండుసార్లు లో-పూ తప్పదు, కో-వాష్ ఒక్కటే పెట్టుకుంటే మాడు దురద పుడుతుంది.

అసలు పనితనమంతా తర్వాతిది. కండిషనర్ పట్టించి, జుట్టు జారుడుగా ఉన్నప్పుడే వేళ్ళతో, కావాలంటే వెడల్పు పళ్ళ దువ్వెనతో, కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. గుప్పిట్లో జుట్టూ నీళ్ళూ కలిపి పిసుకుతుంటే తడిబట్ట పిండినట్టు చప్పుడు వస్తుంది, ఉంగరాలు గుంపులుగా కూడతాయి. నీళ్ళు కారుతుండగానే జెల్ రాసి, కొసల్ని అరచేతుల్లోకి తీసుకుని మాడు వైపు నొక్కడం 'స్క్రంచ్'. తువ్వాలుతో రుద్దితే చేసినదంతా వృథా, పాత కాటన్ టీషర్టులో జుట్టును మూటలా కట్టి పది నిమిషాలు ఉంచడం 'ప్లాపింగ్'. ఆరాక జెల్ గంజి పెట్టినట్టు గట్టిపడుతుంది. చాలామంది మగవాళ్ళు ఇక్కడే బెదిరి జెల్ పారేస్తారు. అది 'క్యాస్ట్', ఉండాల్సిందే. పూర్తిగా ఆరాక చేతులతో నలిపితే ఆ గంజి పొడి పొడిగా విరిగి, లోపల మెత్తని ఉంగరాలు మిగులుతాయి. చూసినవాళ్ళకు అదో ఇంద్రజాలం!

జెల్ కొనక్కర్లేదు కూడా. పావు కప్పు అవిసె గింజలు రెండు కప్పుల నీళ్ళలో మరిగించి, కోడిగుడ్డు తెల్లసొనలా జారుతున్నప్పుడు వేడిమీదే వడగట్టి ఫ్రిజ్‌లో పెడితే వారం వాడుకోవచ్చు. ఆదివారం అమ్మమ్మ కొబ్బరినూనె పెట్టి కుంకుడు రసంతో తలంటేది కదా, ఆ నూనెకు ఇప్పుడు 'ప్రీ-పూ' అని పేరు. కొబ్బరినూనె వెంట్రుకలోకి దిగి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని 2003లో రెలె, మొహిలె అనే పరిశోధకులు చూపించారు (వాళ్ళు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళే, అదీ గుర్తుంచుకోవాలి). కుంకుడు మాత్రం మురికితోబాటు నూనెనూ బాగానే లాగేస్తుంది, తర్వాత కండిషనర్ తప్పదు. బోరునీళ్ళ ఇళ్ళలో ఉప్పు పేరుకుని జుట్టు గడ్డిలా అవుతుంది, ఈడీటీఏ ఉన్న షాంపూతో అప్పుడప్పుడూ కడిగితే వదులుతుంది. హెల్మెట్ అణిచేసిన జుట్టుకు తడిచేత్తో నాలుగు స్క్రంచ్‌లు చాలు.

మగవాడికి ఉంగరాలు నామోషీ అన్నది ఎప్పటి మాటో గానీ పాతమాట మాత్రం కాదు. అమరావతి శిల్పాల్లో బుద్ధుడి తల నిండా కుడివైపు తిరిగిన చిన్న చిన్న ఉంగరాలే. దేవులపల్లి కృష్ణశాస్త్రి గిరజాలు చూసి ఎందరు కుర్రకవులు జుట్టు పెంచారో, వెక్కిరింతలు పడి మరీ! జాకిర్ హుస్సేన్ తబలా మీద వేళ్ళు పరుగెత్తుతుంటే ఆ ఉంగరాలూ తాళం వేసేవి.

అలాంటి జుట్టును ఇవాళ ఏం చేస్తున్నారు? పెళ్ళికి ముందు, ఉద్యోగానికి ముందు, 'స్మూతెనింగ్', 'కెరటిన్' అని వేలు పోసి ఇస్త్రీ చేయించుకుంటున్నారు. కెరటిన్ అన్న పేరు చూసి పోషణ అనుకుంటారు పాపం. వాటిలో చాలావరకు పనిచేసేది ఫార్మాల్డిహైడో, వేడికి దాన్ని వదిలే రసాయనమో. సెలూన్ పనివాళ్ళ ఊపిరికి, కళ్ళకు దాని వల్ల ప్రమాదమని అమెరికా కార్మిక భద్రతా సంస్థ 2011లోనే హెచ్చరించింది. తలుపులు మూసిన ఏసీ గదిలో ఆ పొగ రోజుకు ఎన్ని తలల మీద లేస్తుందో, దాన్ని పీల్చే కుర్రాళ్ళ వయసెంతో ఎవరు అడుగుతున్నారు? ఇంకోవైపు ఉంగరాల బొమ్మ వేసిన సీసాలు. వెనక చీటీలో పైవరసలోనే డైమెథికోన్ అనే సిలికోన్. 'కోన్' అని ముగిసే పేరు కనిపిస్తే ఒకసారి ఆగాలి. మైనం పూసినట్టు మెరుస్తుంది, సల్ఫేట్ లేనిదే తేలిగ్గా వదలదు, సల్ఫేట్ కొడితే ఉంగరం చస్తుంది. ఇదెంత లాభసాటి చక్రమో!

దీనికి విరుగుడు వీధి చివరి సెలూన్‌లోనే ఉంది. చెవుల చుట్టూ ఫేడ్ అంత సన్నగా దింపగల చేతులకు ఉంగరం కోయడం ఒక లెక్కా? కావాల్సింది ఇంకో ఇరవై నిమిషాలు, ఆ ఇరవై నిమిషాలకు తగ్గ డబ్బు. ఆదివారం రద్దీలో కాకుండా బుధవారం మధ్యాహ్నం వెళ్ళాలి. ముందురోజు తలంటుకుని, ఏమీ రాయకుండా, ఉంగరాలు ఉన్నవి ఉన్నట్టు ఆరబెట్టుకుని కుర్చీలో కూర్చోవాలి. ఆయన చెయ్యి స్ప్రే బాటిల్ మీదికి వెళ్ళేలోపే చెప్పాలి: "అన్నా, తడపకు. ఇలాగే పొడిగా కోద్దాం, కొంచెం కొంచెం."