కత్తెరకు దొరకని పాటలు

పెద్ద రచనను చూడగానే "ఇందులో సగం తీసేస్తే బాగుండును" అనటం చాలా సులభం. చాలాసార్లు అది న్యాయం కూడాను. కాని ఏ సగం తీసెయ్యాలి అని అడిగినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. అక్కడ రచన లోపాలతోపాటు విమర్శకుడి అభిరుచి కూడా బయటపడుతుంది. ఈ సంగతి తేల్చుకోవటానికి బ్రిటిష్ రాక్ సంగీతంలో మంచి ఉదాహరణ ఒకటి ఉన్నది.

1980 డిసెంబరులో లండన్‌కు చెందిన 'క్లాష్' బృందం 'సాందినిస్తా!' అనే ఆల్బమ్ వెలువరించింది. మూడు రికార్డులు, ఆరు వైపులు, ఒక్కొక్క వైపున ఆరేసి చొప్పున 36 పాటలు. మొత్తం వినాలంటే రెండున్నర గంటలకు కాస్త తక్కువ పడుతుంది. ఆనాటినుంచీ ఈ బృందపు అభిమానుల మధ్య ఒక వివాదం నడుస్తూనే ఉన్నది. "దీన్ని ఒక్క రికార్డుకు కుదించవలసివస్తే ఏ పన్నెండు పాటలు ఉంచుతావు?" అని ఒకరినొకరు అడుగుతారు. ఎవరి జాబితా వారు తయారుచేస్తారు. నలభైయేళ్ళు దాటినా ఈ పని ఆగలేదు. పైగా ఇప్పుడు రికార్డును తిరగవేసే అవసరం కూడా లేదు గనక, నచ్చని పాటను వేలితో తోసివెయ్యటం మరింత తేలికైంది.

నిజానికి ఈ కత్తెరపని మొదలుపెట్టింది అభిమానులు కాదు. అమెరికాలో రేడియో కేంద్రాలకు పంపటానికి కంపెనీయే కొన్ని పాటలు ఏరి, ఒక్క రికార్డుగా అచ్చువేయించింది. వ్యాపారం దృష్ట్యా అది సహజమే. కాని వ్యాపారికి అవసరమైన ఎంపికను రసజ్ఞుడు తన ఎంపికగా చేసుకుంటున్నప్పుడు మనం కొంచెం ఆగి ఆలోచించాలి.

అభిమానుల జాబితాల్లో తరచు కనిపించే పాటలు ఇవి: 'ది మాగ్నిఫిసెంట్ సెవెన్', 'సంబడీ గాట్ మర్డర్డ్', 'పోలీస్ ఆన్ మై బ్యాక్', 'ది కాల్ అప్', 'వాషింగ్టన్ బుల్లెట్స్'. ఇవి మంచి పాటలనటంలో సందేహం లేదు. తెల్లవారి ఏడు గంటలకు లేచి కూలికి పరుగెత్తే మనిషి దినచర్యను, అప్పటికి న్యూయార్కు నల్లవారి పేటల్లో పుట్టి కొన్నేళ్ళే అయిన రాప్ పద్ధతిలో వినిపించిన మొదటి పాటను ఎవరు వదులుకుంటారు?

ఐతే, జాబితాల్లోనుంచి జారిపోయేవి ఏవో కూడా చూడాలి. 1977లో ఇదే బృందం 'కెరీర్ ఆపర్చునిటీస్' అనే పాట పాడింది. చదువు ముగించిన కార్మికుల పిల్లలకు సర్కారు చూపించే పనికిమాలిన ఉద్యోగాలమీద కోపంతో పుట్టిన పాట అది. 'సాందినిస్తా!' ఆరవ వైపున అదే పాటను చిన్నపిల్లలచేత పాడించినారు. కీబోర్డు వాయించిన మిక్కీ గాలఘర్ కొడుకులు వాళ్ళు. చాలామందికి ఇది ఆకతాయితనంగా కనిపిస్తుంది. కాని ఆలోచించండి. 1977లో ఆ మాటలు అన్నవాడు నిరుద్యోగి. 1980లో అదే పాట పాడుతున్నది, రేపు నిరుద్యోగులు కాబోయే పిల్లలు. మధ్యలో, 1979లో, మార్గరెట్ థాచర్ ప్రభుత్వం వచ్చింది. గొంతు మార్చి, పాట అర్థాన్ని మూడేళ్ళు ముందుకు జరిపినారు. దీన్ని తీసివేసి పన్నెండు పాటల జాబితా వేసినవాడు, బృందం చెప్పినదాన్లో ఒక భాగం వినలేదన్నమాట.

అట్లాగే 'డబ్' పాటలు. జమైకాలో ఒక పాటను రికార్డుచేసిన తరువాత, గొంతును తీసివేసి, తాళాన్నీ మంద్రస్వరాన్నీ ముందుకు తెచ్చి, ప్రతిధ్వనులు చేర్చి, రికార్డు రెండోవైపున వేస్తారు. వీధుల్లో పెద్ద పెట్టెలు పెట్టి పాటలు వినిపించేవారు దానిమీద తమ మాటలు తాము పలుకుతారు. అంటే పాట ముగిసినచోట విన్నవాడి వంతు మొదలవుతుంది. క్లాష్ బృందం ఈ పద్ధతిని కింగ్‌స్టన్‌నుంచి వచ్చిన మైకీ డ్రెడ్ సాయంతో చేపట్టింది. టైమన్ డాగ్ అనే మిత్రుడికి ఒక పాట మొత్తం అప్పగించింది. డ్రమ్ములు వాయించే టాపర్ హెడన్‌చేతా, బాస్ గిటారు వాయించే పాల్ సైమనన్‌చేతా పాడించింది. వేదిక తమదే అయినా, మైకును పదిమందికీ తిప్పింది.

మనవాళ్ళకు ఇది అర్థంకానిది కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకడు హాస్యం ఆడతాడు, ఒకడు రాజకీయం మాట్లాడతాడు. కథను మాత్రమే ఏరి అచ్చువేస్తే పుస్తకం చిన్నదవుతుంది, కథ తొందరగా నడుస్తుంది. కాని అది బుర్రకథ కాదు. కథకు అడ్డం వచ్చినట్టు కనిపించే వంతలే ఆ కళారూపానికి ప్రాణం. అభిమానుల కత్తెర కోస్తున్నది సరిగ్గా ఈ వంతలనే. మిగులుతున్నది ఎలక్ట్రిక్ గిటార్లు మోగే, మగవాడి గొంతు ముందు నిలిచే, అలవాటైన రాక్ సంగీతం. జమైకా, న్యూయార్కు, పిల్లలు, మిత్రులు అందరూ వెళ్ళిపోగా, ఆల్బమ్ మళ్ళీ నలుగురు తెల్లకుర్రాళ్ళ సొత్తయింది.

అందుకని 36 పాటలూ ఆణిముత్యాలని నేను వాదించబోవటం లేదు. అట్లా వాదించటం భక్తి అవుతుంది, విమర్శ కాదు. ఆరవ వైపున బలహీనత స్పష్టంగా ఉన్నది. 'వెర్షన్ పార్డ్‌నర్' మూలపాటకు కొత్తగా చేర్చినదేమీ లేదు. 'షెపర్డ్స్ డిలైట్' ముగింపులాగా ఉండదు, అలసటలాగా ఉంటుంది. ఇంగ్లండు ఇరవయ్యో శతాబ్దపు కథను ఒక దిక్కులేని ముసలివాడి నోట చెప్పించిన 'సంథింగ్ అబౌట్ ఇంగ్లండ్' గొప్ప పాట. దాని టేపునే వెనక్కి తిప్పి 'మెన్స్‌ఫోర్త్ హిల్' అని మరో పేరు పెట్టటంలో వింతే తప్ప విశేషం లేదు. సమృద్ధి వేరు, దుబారా వేరు. ప్రజల పేరు చెప్పినంతమాత్రాన దుబారా సమృద్ధి కాజాలదు.

ఐతే ఒక సంగతి మరువకూడదు. ఈ మూడు రికార్డులనూ తక్కువ ధరకు అమ్మించటానికి వారు మొదటి 2 లక్షల ప్రతులమీద రాయల్టీ వదులుకున్నారు. దుబారా చేసినా, దాని ఖర్చు శ్రోత జేబునుంచి తియ్యలేదు.

చివరకు ఆ పేరు. 1979 జులైలో నికరాగువాలో సొమోజా నియంతృత్వాన్ని కూలదోసిన సాందినిస్తాల పేరు ఇది. ఆనాడు బ్రిటన్‌లో చాలామంది వినని పేరును రికార్డు అట్టమీదకు ఎక్కించటం గొప్ప పని. కాని అదే ఉద్యమానికి నాయకుడైన డేనియల్ ఒర్తేగా 2007లో తిరిగి అధికారంలోకి వచ్చినాడు. 2018లో ప్రజలు వీధుల్లోకి వస్తే, ఆ అణచివేతలో మూడు వందలమందికి పైగా చనిపోయినారు. మరి ఈ ఆల్బమ్ పేరును ఇప్పుడేం చెయ్యాలి? దాన్ని కూడా కత్తిరించాలా?

దీనికి జవాబు ఆల్బమ్‌లోనే ఉన్నది. 'వాషింగ్టన్ బుల్లెట్స్' పాట చిలీలో 1973లో హత్యకు గురైన గాయకుడు విక్తర్ హారాను తలుస్తుంది, 1961లో క్యూబామీద జరిగిన దాడిని తలుస్తుంది, నికరాగువా విజయానికి సంతోషిస్తుంది. అంతటితో ఆగిపోతే అది ఒక శిబిరపు పాటగా మిగిలిపోను. కాని ఆగదు. అఫ్ఘానిస్తాన్‌లో మాస్కో తుపాకులనూ, టిబెట్‌లో చైనానూ, తమ బ్రిటన్‌నూ అదే ప్రశ్న అడుగుతుంది. తుపాకి ఎవరిదని కాక, ఎవరిమీద పేలిందని అడుగుతుంది. 2018నాటి మనాగ్వా వీధులకు కూడా ఆ పాట వర్తిస్తుంది. పేరు పెట్టినవారిని పేరు మోసగించి ఉండవచ్చు. పాట మాత్రం మోసగించలేదు.

మన అభ్యుదయ విమర్శకులు ఒకప్పుడు రచయిత ఏ శిబిరంవాడో చూసి మార్కులు వేసిన రోజులున్నాయి. ఆ పద్ధతికి ఈ పాట ఒక సమాధానం. రూపం సాఫీగా ఉంటే చాలుననే అభిమానులకు ఈ ఆల్బమ్ మరొక సమాధానం. ఏరుకోవటం శ్రోత హక్కు. దాన్నెవరూ కాదనరు. కాని ఏరేముందు ఆరు వైపులూ ఒక్కసారి వరసగా వినటం అతని బాధ్యత. విన్న తరువాత పన్నెండు పాటల జాబితా వేసుకోనివ్వండి. అందులో ఆ పిల్లల పాట ఉన్నదో లేదో చూస్తే, అతను విన్నదేమిటో మనకు తెలిసిపోతుంది.