తీగ గొంతులో జీర

రాత్రంతా కథ చెప్పిన ఒగ్గు కథకుడి గొంతులో తెల్లవారుజామున ఒక జీర పలుకుతుంది. అసలు రుచి అక్కడే మొదలవుతుందని వినేవాళ్లకు తెలుసు. గిటార్ వాయించేవాళ్లం డిస్టార్షన్ అనేది ఆ జీరనే. తీగ గొంతుకు అది తెచ్చిపెట్టే పెడల్ ఒకటి నెల రోజులుగా మెట్టుగూడలో మా మేడగదిలో ఉంది. మిత్రుడు వాడి చూడమని ఇచ్చాడు. పెద్ద కంపెనీ సరుకు కాదు. ఒకే మనిషి కూర్చుని, విడిభాగాలు ఏరుకుని, చేత్తో సోల్డర్ చేసిన పెట్టె. అరచేతిలో పట్టేంత ఉంటుంది, బరువు మాత్రం కొబ్బరికాయంత. ఇలా చిన్న ఎత్తున పెడల్స్ కట్టేవాళ్లు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నారు. ముంబయిలోని ఏనిమల్ ఫ్యాక్టరీ ఆంప్లిఫికేషన్ పేరు గిటారిస్టులకు కొత్త కాదు.

షాపులో పెడల్ చూసేవాళ్లు సాధారణంగా సంకేతాన్ని పెంచే గెయిన్ నాబ్‌ను చివరిదాకా తిప్పి, లావు తీగ మీద నాలుగు దెబ్బలు వేస్తారు. అలా చూస్తే అన్ని పెడల్సూ ఒకేలా గర్జిస్తాయి. నేను ఇంకో దారి పట్టాను. చిన్నప్పటి నుంచి సికింద్రాబాద్‌లో నా చెవిన పడ్డ సంగీతాలన్నిటినీ ఒక్కొక్కటిగా దీని గుండా పంపి, ఏది ఎక్కడ చెడుతుందో చూద్దామనుకున్నాను. పెడల్ గుణం అది అరిచినప్పుడు బయటపడదు, అరవడం మొదలుపెట్టే అంచు మీదే తెలుస్తుంది.

ఆ అంచు ఎక్కడ పుడుతుందో చెప్పుకోవాలి. గిటార్ పికప్ నుంచి వచ్చే కరెంటు చాలా సన్నటిది. పెడల్ దాన్ని పెంచి డయోడ్ల ముందు నిలబెడుతుంది. డయోడ్ ఒక ఎత్తు దాటనివ్వదు, కరెంటు అల తల తెగుతుంది. జెర్మేనియం డయోడ్ దాదాపు 0.3 వోల్టు దగ్గరే, మెల్లగా వంచినట్టు కోస్తుంది. సిలికాన్‌ది 0.6 దగ్గర కత్తివేటు. ఎర్ర ఎల్‌ఈడీ అయితే 1.7 దాకా ఓపిక పడుతుంది. ఈ పెట్టె మధ్యలో ఉన్న చిన్న స్విచ్ ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోనిస్తుంది. తల తెగిన ప్రతిచోటా తీగలో లేని కొత్త స్వరాలు పుడతాయి.

ఇలాంటి పెడల్ బజారుకు రావడానికి కారణం ఒక పొరపాటు. 1961లో విడుదలైన గాయకుడు మార్టీ రాబిన్స్ పాటను అమెరికాలోని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక భాగం పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ బొంగురుపోయింది. ఆ బొంగురును తీసేయకుండా ఉంచారు. అక్కడి ఇంజినీరు గ్లెన్ స్నాడీ దాన్ని సర్క్యూట్‌గా కట్టించే పనికి పూనుకున్నాడు. 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో పెడల్ బజారులోకి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం పాటలో కీత్ రిచర్డ్స్ తొక్కింది దాన్నే.

మొదటి ఆదివారం చర్చి కీర్తనలతో మొదలుపెట్టాను. లాలాగూడ, మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పక్కన పెరిగిన మాకు గిటార్ ముందుగా వినబడింది ఆంగ్లో ఇండియన్ల ఇళ్ల వరండాల్లో, ఆ తర్వాత క్రిస్మస్ రాత్రుల్లో. కీర్తనకు నిండు మేజర్ కార్డ్ కావాలి. పెడల్ వేసి ఎ మేజర్ కొట్టగానే బురదలో కాలు వేసినట్టయింది. కారణం లెక్కలో ఉంది. రెండు స్వరాలు కలిసి డయోడ్ గుండా వెళితే, వాటి తేడా మూడో స్వరంగా పలుకుతుంది. ఈ కార్డ్‌లో ఎ స్వరాన్ని స అనుకుందాం: స 110 హెర్ట్జ్, ప 164.8 అయితే తేడా 54.8. అది దాదాపు స స్వరానికే కింది స్థాయి, కనుక బలం పెరుగుతుంది. రాక్ వాళ్లు స, ప రెండే పట్టుకుని వాయించడానికి కారణం అదే. మధ్యలో గాంధారం, 138.6, చేరిందా, ఇంకో రెండు తేడాలు వస్తాయి: 28.6, 26.2. రెండూ పక్కపక్కనే ఉండి ఒకదానితో ఒకటి కుమ్ములాడతాయి. గిటార్ మెట్ల మీద గాంధారం సహజ స్థానం కంటే కాస్త ఎత్తున ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది. గిటార్ వాల్యూమ్‌ను మూడుకు దించాను. బురద తేరింది, అంచున సన్నటి జీర మాత్రం మిగిలింది. చాలా పెడల్స్ ఇక్కడే చచ్చిపోతాయి, వాల్యూమ్ దించితే దుప్పటి కప్పినట్టు మూగబోతాయి. ఇది మూగబోలేదు. అప్పుడే నాకు దీని మీద గౌరవం కలిగింది.

మెటల్ సంగీతానికి ఒక సాయంత్రం సరిపోయింది. సిలికాన్, నిండు గెయిన్, బిగించి పట్టిన అరచెయ్యి. బాగుంది.

తీన్మార్ దరువు దగ్గర మాత్రం వారం పట్టింది. లష్కర్ బోనాలకు ఉజ్జయిని మహంకాళి గుడి వీధుల్లో డప్పు వినని చెవి ఈ ఊళ్లో ఉండదు. చర్మాన్ని మంట దగ్గర కాచి బిగిస్తారు. ఒక చేతిలో సిర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల. ప్రాణమంతా ఏ దెబ్బ బరువు, ఏ దెబ్బ తేలిక అన్నదానిలోనే ఉంటుంది. డిస్టార్షన్ చేసేది సరిగ్గా దానికి వ్యతిరేకం: పెద్ద దెబ్బ తల నరికి చిన్న దెబ్బతో సమానం చేస్తుంది. తీగలను అరచేత్తో నొక్కి ఆ దరువు వాయిస్తే, నిండు గెయిన్‌లో దెబ్బలన్నీ ఒకే ఎత్తున పడి నడక చచ్చింది. గెయిన్ నాబ్‌ను గడియారపు ముల్లు లెక్కన తొమ్మిది గంటల దగ్గరికి దించి, ఎల్‌ఈడీ పెట్టాను. తేలిక దెబ్బలు శుభ్రంగా, బరువు దెబ్బ మాత్రమే చిరిగి పలికింది. కింద మెట్ల మీద ఆడుకుంటున్న పిల్లలు భుజాలు ఆడించడం మొదలుపెట్టారు.

ఇక ఆలాపన. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంట తీగల మాండొలిన్‌ను వదిలి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం ఎందుకు పట్టుకున్నాడో ఈ పెడల్ ముందు కూర్చున్నాక ఇంకా బాగా అర్థమైంది. గమకానికి నాదం నిలవాలి. తీగను పక్కకు లాగి వదిలేలోపు శబ్దం ఆరిపోతే ఊపు ఎక్కడ నిలుస్తుంది? డిస్టార్షన్ ఆ నిలకడ ఇస్తుంది. పైగా కర్ణాటక బాణీలో ఒకసారికి ఒకే స్వరం, కనుక చర్చి కీర్తనలో వచ్చిన కుమ్ములాట ఉండదు. జెర్మేనియం మీద మోహన ఎత్తుకున్నాను. గాంధారం నుంచి పంచమానికి జారుతుంటే తీగ ఊపిరి తీసుకోకుండా వెంట వచ్చింది. శ్రుతి కోసం కింది తీగను కూడా మీటాను, అది తప్పు. రెండూ ఒకే పెట్టె గుండా వెళ్లడంతో, నేను పైకి జారుతుంటే కింద ఏదో ఒకటి తన దారిన తాను జారింది. శ్రుతి వేరే స్పీకర్లో పెట్టుకోవలసిందే.

పక్కింటి సంగీతం టీచర్‌గారు అది విని, "ఏం నాయనా, తీగకు జలుబు చేసిందా?" అన్నారు. పెడల్ చూపించాను. ఆవిడ ఏమీ అనకుండా తమ తంబుర దగ్గరికి తీసుకెళ్లారు. తీగకూ గుర్రానికీ మధ్య ఉన్న నూలుపోగును గోటితో తీసేసి మీటారు. శబ్దం శుభ్రంగా, కాస్త ఎండిపోయినట్టు ఉంది. పోగు మళ్లీ పెట్టి, బియ్యపుగింజంత ముందుకు జరిపారు, ఇంకాస్త వెనక్కు లాగారు. ఒకచోట తీగ గుర్రాన్ని గీరుకుంటూ ఝుమ్మంది, గది నిండింది. "దీన్ని జీవ అంటాం" అన్నారు. "ఎక్కువైతే గరగర, తక్కువైతే పీనుగ."

మేడెక్కి గెయిన్ నాబ్‌ను ఆ బియ్యపుగింజ లెక్కన జరుపుతూ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. నాబ్‌ల కింద అంటించిన టేపు మీద పెన్సిల్‌తో మూడు గీతలు ఉన్నాయిప్పుడు: కీర్తన, తీన్మార్, ఆలాపన. ఒక్కటీ సగం దాటలేదు.

పెడల్ నిన్ననే తిరిగిచ్చేయాల్సింది. మిత్రుడికి ఫోన్ చేసి ఇంకో వారం అడిగాను. తోడిలో గాంధారం ఎలా ఊగుతుందో ఇంకా చూడలేదు.