కడుపు నడకను కొలిచే కెమెరా

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ వైపు ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. 1956 దాకా ఈ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. విష్ణుపురిలో శంకర్‌రావ్ చవాన్ ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నా, అంతుచిక్కని జబ్బయితే ఇటువాళ్లు ఇప్పటికీ హైదరాబాద్ రైలెక్కుతారు.

మొండి మలబద్ధకం అలాంటి జబ్బే. ఇసబ్‌గోల్, త్రిఫల, ఆముదం అన్నీ అయిపోతాయి. థైరాయిడ్, షుగర్, కొలనోస్కోపీ రిపోర్టులన్నీ నార్మల్. ‘ఏమీ లేదు, నీళ్లు బాగా తాగమ్మా’ అని పంపేస్తారు. ఆ బాధ అబద్ధం కాదు. కొలనోస్కోపీ పేగు లోపలి గోడను చూస్తుంది. అందులో మలం ఎంత వేగంగా కదులుతోందో చెప్పలేదు. అది చెప్పేది న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలోని గామా కెమెరా.

రోగి చేత ఇండియం-111 అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన నీళ్లు తాగిస్తారు. అది ఒంటికి పట్టదు, మలంతోనే బయటికి పోతుంది. 6, 24, 48 గంటలకు, అవసరమైతే 72 గంటలకు, కెమెరా కింద కాసేపు పడుకుంటే చాలు. మధ్యలో మామూలుగా తినొచ్చు, తిరగొచ్చు. విరేచనాల మందులు మాత్రం డాక్టరు చెప్పినన్నాళ్లు ఆపాలి. గర్భిణులైతే ముందే చెప్పాలి. ఈ విభాగంలో రోజూ వాడే టెక్నీషియం ఇక్కడ పనికిరాదు. దాని రేడియోధార్మికత 6 గంటలకే సగమైపోతుంది, పెద్దపేగు పనేమో రోజుల తరబడి సాగుతుంది. ఇండియం సగం కావడానికి 2.8 రోజులు పడుతుంది.

తెర మీద కనిపించే మెరుపును అంకెల్లోకి మార్చే పద్ధతిని 1986లో అమెరికాలో క్రెవ్‌స్కీ బృందం ప్రచురించింది. పెద్దపేగు మొదలుకు 1, బయటికి పోయిన మలానికి 7, మధ్య భాగాలకు మిగతా అంకెలు. మెరుపు సగం 3లో, సగం 5లో ఉంటే సగటు 4. రెండు రోజులైనా మెరుపు కుడివైపే ఉండిపోతే పేగే మందగించిందని అర్థం. చివరిదాకా చక్కగా వచ్చి మలాశయం దగ్గర పోగుపడితే అనుమానం మలద్వారం మీదికి పోతుంది: ముక్కేటప్పుడు వదులు కావలసిన కండరాలు బిగుసుకుంటున్నాయేమో చూడాలి. వాటికి శిక్షణ ఇచ్చే బయోఫీడ్‌బ్యాక్ ఉంది. ఈ తేడా తెలియకుండా మందుల డోసు పెంచుకుంటూ పోవడం రోగికి అన్యాయం.

ఆ అంకెలను మన కొలతతోనే చదవాలి. మనవాళ్ల పేగు పాశ్చాత్యుల పేగు కన్నా వేగంగా కదులుతుంది. అందుకే లక్నో సంజయ్ గాంధీ సంస్థ వైద్యులు, ఎక్స్‌రేలో కనిపించే గుళికలు మింగించే పరీక్షను మనకు తగ్గట్టు కుదించి, 36, 60 గంటలకే ఎక్స్‌రే తీసే పద్ధతి తెచ్చారు. గుళికలు దొరికితే అది ఎక్స్‌రే ఉన్న ఏ ఊళ్లోనైనా అయ్యే పని. ముందు అదే చేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

గామా కెమెరా అసలు విలువ ఆపరేషన్ మాట వచ్చినప్పుడు తెలుస్తుంది. ఏ మందుకూ లొంగని కొద్దిమందికి పెద్దపేగును చాలామటుకు తీసేస్తారు. పొట్ట, చిన్నపేగు కూడా మందగించి ఉంటే ఆ కోత తర్వాత కూడా బాధ మిగిలిపోవచ్చు. వాటి నడకను కూడా ఈ కెమెరాతోనే ముందుగా చూసుకోవచ్చు.