వేలంలో మా ముఖాలు

పర్దా దాటి రమ్మని మా ఆడవాళ్లకు అందరూ చెప్పినవాళ్లే. వచ్చారు. ఇంటర్నెట్‌లో తమ పేరుతో, తమ ముఖంతో రాశారు. 2021 జులైలో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' అనే యాప్‌లు ఆ ముఖాలనే ఎత్తుకెళ్లి వేలం పెట్టాయి. జర్నలిస్టులు, లాయర్లు, ఒక పైలట్. 2016లో జె.ఎన్.యు.లో మాయమైన నజీబ్ తల్లినీ వదల్లేదు! అమ్మకమేమీ లేదు, అవమానించడమే పని. అరెస్టయినవాళ్లలో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లున్నారు. చదువొస్తే ద్వేషం పోతుందనే అభ్యుదయ మిత్రులు ఏమంటారు? మా ఇళ్లలోనేమో 'ఫోటో తీసెయ్ బేటీ' అంటాం. అదీ పర్దాయే. ఇప్పుడు ఒక్క ఫోటో దొరికితే యంత్రం జరగనిదాన్ని కూడా బొమ్మకట్టి చూపిస్తోంది. రేపటి ఇంటర్నెట్ అందరిదీ అంటున్నారు గదా, అందులో మా పిల్ల సొంత పేరుతో రాయగలదా, మారుపేరు వెతుక్కోవాలా?