పక్క లేన్‌లో ఎవరు?

అమ్మాయిల్ని అబ్బాయిలతో కలిపి పరుగెత్తించడం మా వృత్తిలో పాత పద్ధతి. బడి మొత్తానికి నలుగురైదుగురు అమ్మాయిలే ట్రాక్ మీదికి వస్తారు. వాళ్లలో ఒక పిల్ల మిగతావాళ్లకు అందకుండా పోతుంటే ఆమెకు పోటీ ఎక్కడి నుంచి తేవాలి? పక్క లేన్‌లో ఒక అబ్బాయిని నిలబెడతాం. జడ్పీ హైస్కూల్లో పీఈటీగా చేరిన కొత్తలో సీనియర్లు నాకు చెప్పిన మొదటి విషయాల్లో ఇదొకటి. ఏ అబ్బాయిని నిలబెట్టాలి, ఎంత వెనక నుంచి వదలాలి, ఏ వయసు నుంచి దీన్ని ఆచితూచి వాడాలి అన్నవి మాత్రం పిల్లల్ని చూస్తూ తెలుసుకోవలసిందే.

ఆరు, ఏడు తరగతుల్లో ఏ ఇబ్బందీ ఉండదు. ఆడపిల్లల్లో ఎదుగుదల మగపిల్లలకన్నా రెండేళ్లు ముందు మొదలవుతుంది. ఏడో తరగతి గ్రూప్ ఫొటో తీసి చూడండి, పొడుగ్గా కనిపించే వాళ్లలో చాలామంది అమ్మాయిలే. పన్నెండేళ్ల లోపు పరుగులోనూ ఈతలోనూ ఆడా మగా తేడా చాలా తక్కువ. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కథ మారిపోతుంది. వేసవి సెలవులకు ముందు ఆమె వెనకాల రొప్పుకుంటూ వచ్చిన కుర్రాడు దసరా నాటికి ఆమెను దాటేస్తాడు. వాడేమీ ఎక్కువ సాధన చేసి ఉండడు. గొంతు మారింది, భుజాలు విచ్చుకున్నాయి, అంతే. ఆమె మాత్రం రోజూ తెల్లారకముందే గ్రౌండ్‌కి వచ్చింది. ఆమె టైమింగ్ కూడా మెరుగుపడింది, నా చేతిలో స్టాప్‌వాచ్ ఆ మాటే చెబుతోంది. కానీ ఆమె చూపు స్టాప్‌వాచ్ మీద ఉండదు, ముందు పోతున్న వాడి వీపు మీద ఉంటుంది. "మేడమ్, నేను స్లో అయిపోయానా?" అని అడుగుతుంది.

చాలామంది ఆటకు దూరమయ్యేది ఈ ప్రశ్న దగ్గరే. దీనికి తిన్నగా జవాబు చెప్పేవాళ్లు బళ్లో ఒక్కరైనా ఉండాలి.

జవాబు దాచిపెట్టేది కాదు. యవ్వనం వచ్చాక మగవాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ ఆడవాళ్లకన్నా దాదాపు 15 రెట్లకు చేరుతుంది. దాంతో కండ పెరుగుతుంది, ఎముకలు సాగుతాయి, గుండె, ఊపిరితిత్తులు పెద్దవవుతాయి, రక్తంలో హిమోగ్లోబిన్ 12 శాతం దాకా ఎక్కువవుతుంది. మా ఊరి తొమ్మిదో తరగతి పిల్లకే కాదు, ప్రపంచ విజేతలకూ ఇదే లెక్క. 200 మీటర్ల పరుగులో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 1988లో సియోల్‌లో నెలకొల్పిన 21.34 సెకన్ల రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. 2002లో కింగ్‌స్టన్‌లో జరిగిన ప్రపంచ జూనియర్ పోటీల్లో ఇదే పరుగును పదిహేనేళ్ల ఉసేన్ బోల్ట్ 20.61లో ముగించాడు. ఇద్దరినీ పక్కపక్క లేన్లలో ఊహించుకుంటే అతను ఏడు మీటర్ల దాకా ముందుంటాడు. మైలు పరుగులో ఫెయిత్ కిప్యేగాన్ 2023లో మొనాకోలో సాధించిన ప్రపంచ రికార్డు 4 నిమిషాల 7.64 సెకన్లు. న్యూజిలాండ్‌కు చెందిన సామ్ రూత్ 2025లో పదిహేనేళ్ల వయసుకే ఆ దూరాన్ని 3 నిమిషాల 58.35 సెకన్లలో పరుగెత్తాడు.

బరువులెత్తే చోట తేడా ఇంకా పెద్దది. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. మిజోరాం కుర్రాడు జెరెమీ లాల్రిన్‌నుంగా 2018 యూత్ ఒలింపిక్స్‌లో 62 కిలోల విభాగంలో 274 కిలోలెత్తి స్వర్ణం గెలిచాడు. అప్పటికి అతనికి పదహారేళ్లు కూడా నిండలేదు. అతని విభాగం ఏడు కిలోలు తక్కువ, ఎత్తిన బరువు 34 కిలోలు ఎక్కువ.

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ డోరియన్ కోల్‌మన్ ఒకప్పుడు 800 మీటర్ల రన్నర్. ప్రపంచ చాంపియన్ టోరీ బోవీ 100 మీటర్లలో జీవితంలోకెల్లా మంచి టైమింగ్ 10.78 సెకన్లు. 2017 ఒక్క ఏడాదిలోనే మగవాళ్లు, మగపిల్లలు అంతకన్నా వేగంగా 15,000 సార్లు పరుగెత్తారని కోల్‌మన్ లెక్క తీశారు. అలిసన్ ఫెలిక్స్ 400 మీటర్ల టైమింగ్ 49.26 విషయంలోనూ అంతే. ఆడవాళ్లకు వేరే విభాగం లేకపోతే వీళ్ల పేర్లు మనం వినేవాళ్లమే కాదని చెప్పడానికి కోల్‌మన్ ఈ లెక్క తీస్తే, కొందరు దాన్నే పట్టుకుని "ఆడవాళ్ల ఆట ఏపాటిది" అంటున్నారు. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. బాక్సింగ్‌లో 50 కిలోల విజేతను 90 కిలోలవాడితో పోల్చి తీసిపారేసేవాళ్లు ఎవరూ లేరే. బరువుకు విభాగాలు ఉన్నట్టే ఆడా మగా తేడాకూ ఉన్నాయి.

ఆ లెక్కలోని ఇద్దరి జీవితాలూ చూడండి. ఫెలిక్స్ 2018లో గర్భిణిగా ఉండగా బీపీ ప్రమాదకరంగా పెరిగి, 32 వారాలకే సిజేరియన్ చేసి బిడ్డను తీశారు. 2021లో టోక్యోలో ముప్పై అయిదేళ్ల వయసులో 400 మీటర్లు 49.46లో పరుగెత్తి కాంస్యం గెలిచింది. బిడ్డను కనకముందు, 2015లో సాధించిన తన అత్యుత్తమం కన్నా సెకనులో అయిదో వంతు మాత్రమే ఎక్కువ. టోరీ బోవీ 2023లో ఎనిమిదో నెల గర్భంతో, పురిటి నొప్పుల మధ్య, తన ఇంట్లోనే చనిపోయింది. ఆమెకు 32 ఏళ్లు. 10.78ని ఒక పదహారేళ్ల కుర్రాడి టైమింగ్ పక్కన రాసేవాళ్లకు ఈ శరీరం ఏమేం మోస్తుందో కూడా తెలియాలి.

అయినా అన్ని ఆటల్లో పోల్చడం కుదరదు కూడా. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో చెంగ్డూలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించింది. ఆ హర్డిల్ ఎత్తు 83.8 సెంటీమీటర్లు. మగవాళ్లు పరుగెత్తేది 110 మీటర్లు, దాటేది 106.7 సెంటీమీటర్లు. 18 ఏళ్ల లోపు అబ్బాయిలకు 91.4. షాట్‌పుట్‌లో మహిళలకు 4 కిలోల గుండు, ఆ అబ్బాయిలకు 5, పురుషులకు 7.26. ఇక బ్యాడ్మింటన్‌లో కోర్టు, నెట్, షటిల్ అన్నీ ఒకటే, మారేది ఆట తీరు. 2017లో గ్లాస్గోలో మన పి.వి. సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహారా ఆడిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు సాగింది. అందులో ఒక్క ర్యాలీలో 73 షాట్లు. స్మాష్ బలంతో పాయింటు ముగించలేనప్పుడు ఎదుటి మనిషిని కదిలించాలి, అలసిపోయేట్టు చేయాలి, ఓపిక పట్టాలి. అది మగవాళ్ల ఆటను నెమ్మదిగా ఆడటం కాదు, దాని తెలివి వేరు.

మరి మగపిల్లల్ని పక్కన నిలబెట్టడం ఎందుకు? సానబెట్టడానికి. కత్తిని సానరాయి మీద నూరతామే తప్ప రెండింటిలో ఏది గట్టిదని పందెం పెట్టం. హైదరాబాద్‌లో సింధు సాధనలో అబ్బాయిలే ఎదురుగా ఆడారు. వాళ్ల స్మాష్‌లు తీసి తీసి అలవాటైన చేతికి ఒలింపిక్స్‌లో ఎదుటి అమ్మాయి స్మాష్ అందుకోవడానికి సమయం దొరుకుతుంది. సికింద్రాబాద్‌లో క్రికెటర్ మిథాలీ రాజ్ చిన్నప్పుడు అబ్బాయిలతోనే నెట్స్‌లో ఆడింది. నిజామాబాద్‌లో నిఖత్ జరీన్ బాక్సింగ్ గ్లవ్స్ తొడుక్కున్నప్పుడు తోటి ఆడపిల్లలు లేరు, అబ్బాయిలతోనే తలపడింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. కెనడా మహిళల ఐస్ హాకీ జట్టు ఒలింపిక్స్‌కు ముందు ఆల్బర్టాలో 18 ఏళ్ల లోపు అబ్బాయిల జట్లతో వరుసగా మ్యాచ్‌లు ఆడేది. ఆస్ట్రేలియా మహిళల ఫుట్‌బాల్ జట్టు 2016లో న్యూకాజిల్ జెట్స్ పదిహేనేళ్ల లోపు కుర్రాళ్ల చేతిలో 7–0తో ఓడింది. మరుసటి ఏడాది అమెరికా జట్టు డల్లస్ కుర్రాళ్లతో 5–2తో ఓడింది. రెండూ సాధన కోసం పెట్టుకున్న ఆటలే. ఆ అమెరికా జట్టే 2019లో ప్రపంచ కప్ ఎత్తింది. ఓడిపోతామని తెలిసీ తమకన్నా బలమైనవాళ్లను వెతుక్కుని ఆడటం ధైర్యమని నా నమ్మకం. ఆ స్కోరు చూసి నవ్వేవాళ్లలో ఆ పని చేసినవాళ్లు తక్కువే ఉంటారు.

కిప్యేగాన్ 2025 జూన్‌లో పారిస్‌లో నాలుగు నిమిషాల లోపు మైలు కోసం ప్రయత్నించింది. గాలి తగలకుండా ముందూ వెనకా పేసర్లు, వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. నాలుగు నిమిషాల ఆరు సెకన్ల చిల్లర దగ్గర ఆగింది. లక్ష్యం అందలేదు కానీ ఏ మహిళా అంత వేగంగా మైలు పరుగెత్తలేదు. తొమ్మిది రోజులకే యూజీన్‌లో తోటి ఆడవాళ్లతో పోటీలో 1500 మీటర్లు 3 నిమిషాల 48.68 సెకన్లలో పరుగెత్తి తన ప్రపంచ రికార్డును తానే చెరిపింది. మగ పేసర్ల ఆసరా ఎంతో ఆ క్రీడ పెద్దలకూ తెలుసు. అందుకే మహిళల మారథాన్‌లో మగవాళ్లతో కలిసి పరుగెత్తినప్పటి రికార్డు, ఆడవాళ్లు మాత్రమే పరుగెత్తినప్పటి రికార్డు వేరువేరుగా రాస్తారు. నా రిజిస్టర్‌లోనూ అంతే. అబ్బాయితో పరుగెత్తిన రోజు టైమింగ్ పక్కన చిన్న గుర్తు పెడతాను. ఆమెను పోల్చేది పోయిన నెల ఆమె టైమింగ్‌తోనే.

అబ్బాయిని ఎంచుకోవడంలోనూ పట్టింపు ఉంది. గెలిచాక ఎగతాళి చేసేవాణ్ని నిలబెట్టను. ఇద్దరూ ఒకేసారి గీత చేరేట్టుగా వాణ్ని కొన్ని మీటర్లు వెనక నుంచి వదులుతాను. అప్పుడు వెనక నుంచి వచ్చే అడుగుల చప్పుడు ఆమెను చివరిదాకా పరుగెత్తిస్తుంది. వాడికీ మంచిదే, ఊరికే గెలవడం ఉండదు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. 100 మీటర్లలో బోల్ట్ 9.58, గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49. ప్రపంచ స్థాయి పరుగులో ఆడా మగా తేడా ఇలా పది శాతం, కాస్త అటూ ఇటూగా పన్నెండు. ఇద్దరికీ మంచి తిండి, మంచి కోచ్, మంచి ట్రాక్ ఉన్నాక మిగిలిన తేడా అది. కానీ మా జిల్లా మీట్లలో పదిహేడేళ్ల లోపు విజేతల టైమింగులు పక్కపక్కన రాసి చూస్తే తేడా అంతకన్నా ఎక్కువే కనిపిస్తుంది. ఆ పైన ఉన్నది ప్రకృతి పెట్టింది కాదు, మనం పెట్టింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది, అదే వయసు అబ్బాయిల్లో 31 శాతం. యవ్వనం నుంచీ హిమోగ్లోబిన్ ఎలాగూ కొంత తక్కువ ఉండే పిల్లకు మన వంటింట్లో ఇంకొంత తగ్గిస్తున్నాం. గుడ్డు తమ్ముడి కంచంలో పడుతుంది. సాయంత్రం ఆరు దాటితే ఆమె ఇంట్లో ఉండాలి, వాడు గ్రౌండ్‌లో ఉండొచ్చు. నెలసరి రోజుల్లో మార్చుకోవడానికి బళ్లో సరైన గది ఉండదు, ఆ రోజులు సాధన పోయినట్టే. "ఆడపిల్ల కదా, వెనకబడుతుంది" అనుకుని ఇదంతా ఆ పది శాతంలో కలిపేస్తున్నాం.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళల 800 మీటర్లు పెట్టారు. పరుగు చివర్లో ఆడవాళ్లు అలసిపోయారని గోల చేసి తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో. ఆ ముప్పై రెండేళ్లు వెనకబడటానికి ఏ హార్మోనూ కారణం కాదు.

తొమ్మిదో తరగతి మధ్యలో తల్లిదండ్రులు వస్తుంటారు. "టీచరు గారూ, మగపిల్లలతో ఓడిపోతోందటగా, ఇంక ఈ పరుగులెందుకండీ, చదువు మీద పడమనండి" అంటారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ పిల్ల ఇంటికెళ్లి చెప్పిన మాటే వాళ్లు నాకు చెబుతున్నారు. రిజిస్టర్ తీసి చూపిస్తాను. ఎనిమిదిలో ఇంత, తొమ్మిదిలో ఇంత, తగ్గిందా పెరిగిందా మీరే చెప్పండి అంటాను. తర్వాత రక్త పరీక్ష చేయించమంటాను. ఐరన్ మాత్రలు ఇంట్లో ఉండీ వేసుకోని పిల్లలు చాలామంది ఉన్నారు.

ఈ తేడా సంగతి తొమ్మిదిలో చెబితే ఆలస్యమవుతుంది. అందుకే జూన్‌లో బడి తెరవగానే ఏడో తరగతి వాళ్లందరినీ, అమ్మాయిల్నీ అబ్బాయిల్నీ కలిపి, ఒక గంట కూర్చోబెట్టాలని హెడ్‌మాస్టరు గారిని అడిగాను. ఒప్పుకున్నారు. మల్లీశ్వరి 240, జెరెమీ 274 రెండూ బోర్డు మీద రాసి మొదలుపెడతాను. అమ్మాయిలు ఇంకా గెలుస్తున్న వయసులోనే ముందేం జరగబోతోందో వాళ్లకు తెలియాలి. అబ్బాయిలూ అక్కడ ఉండాలి. రెండేళ్లు తిరిగేసరికి దాటేసేది వాళ్లే కాబట్టి, ఆ గెలుపులో తమ సాధన ఎంత, వయసు ఇచ్చింది ఎంత, అక్కాచెల్లెళ్ల కంచంలోంచి వచ్చింది ఎంత అని వాళ్లూ లెక్క వేసుకోవాలి.