'సంఘం' అనే మాటా, మన నవలా

ఉన్నవ లక్ష్మీనారాయణ తన నవలకు రెండు పేర్లు పెట్టాడు. 'మాలపల్లి' అందరి నోటా నిలిచింది. 'సంగవిజయం' అనే రెండో పేరును మన విమర్శ పెద్దగా పట్టించుకోలేదు. సంగదాసు విజయం అని దాని అర్థం. కానీ నవలలో సంగదాసు గెలవడు. కూలీల పక్షాన నిలబడ్డందుకు చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. మరి గెలిచిందెవరు? ఆ 'సంగ'ను 'సంఘ' అని కూడా చదువుకోమనే రచయిత ఉద్దేశమని నేననుకుంటాను. ఒక మనిషి పేరూ ఒక సమూహం పేరూ ఒకే మాటలో ఇమిడిపోవటం కేవలం శబ్ద చమత్కారం కాదు. భావానికీ నాయకుడికీ సమూహానికీ మధ్య ఉన్న సంబంధమే ఆ నవల అసలు సమస్య.

ఈ సంబంధాన్ని మన సాహిత్యం ఎట్లా చూసిందో తెలుసుకోవటానికి 'సంఘం' అనే మాట వెంటబడి పోవటం మంచిదని నాకు తోస్తుంది. వీరేశలింగం కాలంలో సంఘం అంటే ఇవాళ మనం సమాజం అంటున్నదే. 'సంఘ సంస్కర్త' అన్న సమాసాన్ని చూడండి. అందులో సంస్కర్త కర్త, సంఘం కర్మ. ఒకరు బాగుచేస్తారు, మరొకటి బాగుపడుతుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన మనిషి సాహసాన్ని తక్కువ చేయటానికి ఈ మాట అనటం లేదు. ఆ సాహసానికి వెలి ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. అయితే ఆ పెళ్ళి వెనక కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుంది, వెంట నిలిచిన విద్యార్థుల శ్రమ ఉంది. పాఠ్యపుస్తకాలలో మిగిలింది మాత్రం ఒక్క సంస్కర్త. ('కన్యాశుల్కం'లో గిరీశం పక్కన ఒక్క మనిషినైనా నిలబెట్టకుండా గురజాడ ఎంత పని చేశాడో! ఉపన్యాసం ఉంది, వెనక ఎవరూ లేరు. సమూహం లేని భావం ఏమవుతుందో గిరీశం అయ్యాడు.)

'మాలపల్లి' ఈ వ్యాకరణాన్ని మార్చే ప్రయత్నం చేసింది. రాయవేలూరు జైలులో రాసిన ఈ నవల 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక గాని ఆ నిషేధం పూర్తిగా పోలేదు. ప్రభుత్వాన్ని భయపెట్టిందేమిటి? పరీక్షల్లో 'సంగదాసు పాత్రచిత్రణ'ను వివరించమని అడిగే మనకు ఈ ప్రశ్న తట్టదు. ఉదాత్తుడైన యువకుడు ఒకడు నవలలో చనిపోతే ఏ ప్రభుత్వమూ భయపడదు. అతను చనిపోయాక అతని పేరు మీద సంగపీఠం అనే విద్యాలయం నిలబడుతుందే, భయపెట్టేది అది. భావం ఒక శరీరం నుంచి వెళ్ళి ఒక సంస్థలోకి చేరింది. ఇక దాన్ని దెబ్బ కొట్టి చంపటం సాధ్యం కాదు.

నవలలో ఇద్దరు అన్నదమ్ములను ఉన్నవ పక్కపక్కనే నడిపించిన తీరు గమనించదగ్గది. సంగదాసు మనుషుల్ని కూడగడతాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై, ఉన్నవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచుతాడు. మా విద్యార్థులలో ఎక్కువమందికి జగ్గడంటేనే ఇష్టం. ఆ ఇష్టాన్ని నేను అర్థం చేసుకోగలను గాని ఒప్పుకోలేను. జగ్గడి కథలో పేదలు చేతులు చాచి పుచ్చుకుంటారు, అంతే. వాళ్ళు తమంతట తాము చేసేది ఏమీ లేదు. న్యాయం తలకిందులయింది గాని, దాత, గ్రహీత అనే సంబంధం అట్లాగే ఉంది. తరవాత యాభై ఏళ్ళ తెలుగు సినిమా జగ్గణ్ణి ఎన్ని వేషాలలో తిప్పిందో లెక్కపెట్టటం కష్టం. సంగదాసు జోలికి అంతగా పోలేదు.

అయితే సంగపీఠం ఎవరి అండతో నిలబడింది? చౌదరయ్య కొడుకు రామానాయుడు మంచివాడు కావటం వల్ల చాలావరకు. ఇక్కడ 'చారిత్రక పరిమితి' అని ఒక మాట రాసి పేజీ తిప్పేయటం మనకు అలవాటయింది. నాకది చాలదు. ఎందుకంటే పరిమితిని దాటే సామగ్రి నవలలోనే ఉంది. రామదాసు భక్తిని చూడండి. సమానత్వ భావం ఆ పల్లెకు గాంధీతోనో, రష్యాతోనో మొదటిసారి రాలేదు. భజనలలో, తత్త్వాలలో, వైష్ణవంలో ఏనాటినుంచో ఉంది. బయటినుంచి వచ్చిన భావం లోపలున్న భావాన్ని గుర్తుపట్టటమే ఈ నవలలోని గొప్ప ఘట్టం. పీఠాన్ని ఆ పునాది మీదే నిలబెట్టవలసింది. ఉన్నవ భూస్వామి కొడుకు హృదయాన్ని ఎక్కువ నమ్మాడు.

1955లో వచ్చిన వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' దగ్గరికి వస్తే ఆ నమ్మకం తగ్గుతుంది. పేరులోని షష్ఠీ విభక్తిని చూడండి. ప్రజా నాయకుడు కాదు, ప్రజల మనిషి. ప్రజలు ఇతనివాళ్ళు అనటం వేరు, ఇతను ప్రజలవాడు అనటం వేరు. కంఠీరవం ఆచార్యుల ఇంటి పిల్లవాడు. దిమ్మెగూడెంలో దొర రామభూపాలరావు. సాయుధ పోరాటానికి ముందటి నిజామాబాదు ప్రాంతం. కంఠీరవానికి చైతన్యం దివ్యజ్ఞానంలా కలగదు. చదువుతో, పట్నంలోని మనుషులతో, సభలతో అంచెలంచెలుగా వస్తుంది.

ఈ అంచెలు ఆళ్వారుస్వామికి పుస్తకాల ద్వారా తెలిసినవి కావు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరా తిరిగి పుస్తకాలు అమ్మిన మనిషి ఆయన. భావం నడుస్తుందనీ, నడవటానికి దానికి కాళ్ళు కావాలనీ ఆయన అరికాళ్ళకు తెలుసు. సభ జరుపుకోవాలంటే అనుమతి తెచ్చుకోమన్న గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రాజ్యంలో గ్రంథాలయమే సభాస్థలి అయింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిసినప్పుడు వాటిలో ఎవరికీ పోరాటం కనిపించి ఉండదు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్రమహాసభ మొదటిసారి సమావేశమయ్యేనాటికి దానికి కావలసిన చదువరులు ఆ బల్లల దగ్గర తయారై ఉన్నారు.

ఆ ఆంధ్రమహాసభను పల్లె జనం పిలుచుకున్న పేరు 'సంఘం'. మాట అదే, అర్థం మారింది. ఎవరో వచ్చి బాగుచేయవలసిన సంఘం పోయింది. తాము చేరవలసిన సంఘం వచ్చింది. వాక్యంలో కర్మగా ఉన్నది కర్త అయింది. 1946 జులై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పులలో నేలకొరిగిన దొడ్డి కొమరయ్య కురుమ కుటుంబంలోని యువకుడు. ఉపన్యాసకుడూ కాదు, రచయితా కాదు. అతని చావుతో సంఘం చెదిరిపోలేదు, పల్లెపల్లెకూ పాకింది. ఉన్నవ తన నవలలో ఊహించినది పాతికేళ్ళలోపే ఊరి వీధిలో జరిగింది.

నన్ను వేధించే ప్రశ్న ఆ తరవాతి కాలానిది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యతా వాచకంలోని ఒక పాఠం చదివిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఊరి స్త్రీలు కలిసి సారాను ఆపిన కథ ఆ పాఠం. ఎన్ని నవలలు ఆ పని చేశాయి? 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యం తిరిగి వచ్చింది. అదే జిల్లాలో, కూడిన ఆ ఆడవాళ్ళను పొదుపు వైపు మళ్ళించారు. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పల్లెటూరి స్త్రీ 'మా సంఘం' అంటే అది పొదుపు సంఘం. కర్మగా మొదలై కర్తగా నిలిచిన మాట ఇప్పుడు బ్యాంకు ఖాతా అయింది.

దీన్ని పతనం అని తేల్చేసే మిత్రులతో నేను ఏకీభవించను. అప్పు వాయిదా కోసం కూర్చున్న పదిమంది, ఒక మొగుడి దెబ్బల గురించి మాట్లాడుకోవటం కూడా ఆ చాప మీదే మొదలవుతుంది. అదే చాప మీద, వాయిదా కట్టలేని ఆమెను మిగతా తొమ్మిదిమంది నిలదీయటమూ జరుగుతుంది. భావం, నాయకత్వం, సమూహం మూడూ అక్కడ ఒకదాని మెడ ఒకటి పట్టుకొని ఉన్నాయి. మన నవలాకారుడు మాత్రం ఇంకా పట్నం బస్సు దిగే యువకుడి కోసం ఊరి చివర ఎదురుచూస్తున్నాడు. సంఘంలో తీర్మానాల పుస్తకం రాసే అమ్మాయి ఎవరి మాట రాస్తున్నదో, ఎవరి మాట వదిలేస్తున్నదో అతను ఇంకా వెళ్ళి చూడలేదు.